అమ్మ అడిగింది: "ఇది నిజంగా మనవాడేనా, ఏఐతో చేసిందా?"

తెనాలి అమ్మాయి | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఏఐ గురించి ఇక్కడ చాలాసార్లు మాట్లాడుకున్నాం, ఎక్కువగా ఉద్యోగాల సంగతే. నేను అడగబోయేది వేరు.

మేముండేది డల్లాస్‌లో. మా బాబుకి పదకొండో నెల. మొన్న బుధవారం సోఫా వదిలేసి నాలుగు అడుగులు వేశాడు. ఫోను చేతిలోనే ఉంది కాబట్టి తీయగలిగాను. వెంటనే మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తెనాలిలో అమ్మ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. పది నిమిషాల దాకా ఏమీ రాలేదు. తర్వాత ఒక వాయిస్ మెసేజి: "ఇది నిజంగా మనవాడేనా అమ్మా, ఆ ఏఐతో చేసిందా?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

రెండు వారాల కిందట, వరద నీళ్ళలో ఒక తల్లి బిడ్డను నెత్తిన పెట్టుకుని నడిచే వీడియో ఎవరో అమ్మకి పంపారు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని దాన్ని గ్రూపులో వేసింది. అది ఏఐ వీడియో. మా బంధువొకాయన అందరి ముందూ "పిన్నీ, ఇంత మాత్రం తెలీదా, ఆ చేతికి ఆరు వేళ్ళున్నాయి చూడు" అన్నాడు. ఆ రోజు నుంచి అమ్మ గ్రూపులో ఒక్క ముక్క పెట్టలేదు. ఏది చూసినా అనుమానమే.

అమ్మ ఆ అబద్ధాన్ని నమ్మినందుకు నాకేం బాధ లేదు. సొంత మనవడి అడుగుల్ని నమ్మలేకపోయింది చూడండి, అది తట్టుకోలేకపోతున్నాను. మీ ఇళ్ళల్లో ఎలా ఉంది? ఎవరైనా దీనికి దారి కనుక్కున్నారా?

లెక్కల మాస్టారు | శనివారం రాత్రి 9:50

అమ్మాయ్, ముందు మీ అమ్మగారికి నా మాటగా చెప్పు. ఆవిడ తప్పేమీ చేయలేదు. కష్టంలో ఉన్న తల్లిని చూసి కన్నీళ్ళు రావడం మనిషి లక్షణం. తప్పు ఆ కన్నీళ్ళతో లైకులు ఏరుకున్నవాడిది.

నేను పల్నాడులో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ వేళ్ళు లెక్కపెట్టే చిట్కాలు నమ్ముకోవద్దు. నిరుడు ఆరు వేళ్ళు వేసిన యంత్రం ఇవాళ అయిదే వేస్తోంది. పక్కవాడి స్లేటు చూసి రాసిన పిల్లవాడి జవాబు కూడా ఒక్కోసారి సరిగ్గానే ఉండేది. అప్పుడు నేను అడిగేది ఒకటే: "ఈ మెట్టు ఎక్కడి నుంచి వచ్చిందిరా?" బొమ్మను పట్టి పట్టి చూసేకన్నా, ఎవరు తీశారు, ఎక్కడ తీశారు, నీకెవరు పంపారు అని అడగడం మీ అమ్మగారికి తేలిక. ఆ వయసు వాళ్ళకి ఊళ్ళో కబురు మోసుకొచ్చినవాణ్ణి అలా నిలదీయడం బాగా తెలుసు కూడా.

ఇంకొకటి చెప్పాలి. 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని వేరే అమ్మాయి వీడియోకి అతికించి వదిలారు కదా. 2024 జనవరిలో ఆ కేసులో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన కుర్రాడు మా గుంటూరు జిల్లావాడు, ఇంజినీరింగ్ చదివినవాడు. తను నడిపే అభిమానుల పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. ఆ వార్త చదివాక రెండు రోజులు మనసు బాగోలేదు. మా బళ్ళలాంటి బడిలో చదివినవాడే అయ్యుంటాడు. యంత్రం నేర్చుకున్నాడు. ఎవరిదో ముఖం తనది కాదన్న ఇంగితం మేం నేర్పలేదా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

చెవితో చదువుతా | శనివారం రాత్రి 10:31

నాకు పుట్టుకతో చూపు లేదు. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం. ఈ చర్చని టాక్‌బ్యాక్‌తో, అంటే ఫోను తెర మీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వింటున్నాను. అందరూ భయాలే చెబుతారేమో, నా వైపు నుంచి ఒకటి వినండి.

2023 దాకా మా కుటుంబ గ్రూపులో ఫోటో వస్తే నా ఫోను "ఇమేజ్" అని ఒక్క మాట పలికి ఊరుకునేది. పెళ్ళయినా ఇమేజే, పుట్టినరోజయినా ఇమేజే. ఎవరైనా ఖాళీగా ఉంటే అడిగేవాణ్ణి. రోజుకి ఎన్నని అడుగుతాం? ఆ ఏడాది బీ మై ఐస్ యాప్‌లో ఏఐ వివరణ వచ్చింది. మా చెల్లి కూతురి ఓణీల ఫంక్షను ఫోటో దానికి చూపించాను. ఆకుపచ్చ లంగా, ఎర్ర ఓణీ, జడలో నారింజ రంగు పూలు, అమ్మాయి తల కాస్త వంచి నవ్వుతోంది అని చెప్పింది. ఆ పూలు కనకాంబరాలని నేనే అనుకున్నాను. తల వంచి నవ్వుతుందని మాత్రం ఆ పిల్ల పుట్టిన ఇన్నేళ్ళకి అప్పుడే తెలిసింది. మావాళ్ళు దాచారని కాదు, చెప్పాలని ఎవరికీ తట్టదు.

అందుకని ఎవరైనా ఏఐని మొత్తంగా ఆపేయాలంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

టెస్టింగ్ తమ్ముడు | శనివారం రాత్రి 11:05

పై పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను అన్నా.

నాది ఉద్యోగం భయమే, దాచను. సాఫ్ట్‌వేర్ మాన్యువల్ టెస్టింగ్‌లో ఆరేళ్ళు. మా టీములో పదకొండు మందిమి ఉండేవాళ్ళం, ఇప్పుడు నలుగురం. 2025 జులైలో టీసీఎస్ రెండు శాతం మందిని, అంటే 12 వేలకు పైగా తీసేస్తామన్నప్పుడు, కారణం ఏఐ కాదు, నైపుణ్యాలు సరిపోకపోవడం అన్నారు. అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేసినవాడికి ఆ రెండింటికీ తేడా ఏం కనిపిస్తుంది? సోషల్ మీడియా తెరిస్తే ఒకడు "ఆరు నెలల్లో నీ పని పోతుంది" అంటాడు, కింద వాడిదే కోర్సు లింకు ఉంటుంది. భయపెట్టేదీ వాడే, మందు అమ్మేదీ వాడే. దీనివల్ల అసలు ఎంత భయపడాలో కూడా తెలియడం లేదు.

తెనాలి అమ్మాయి | శనివారం రాత్రి 11:20

ఇక్కడా అంతే తమ్ముడూ. ప్యూ అనే పరిశోధన సంస్థ 2025లో 25 దేశాల్లో సర్వే చేస్తే అమెరికాలో సగం మంది ఏఐ అంటే ఉత్సాహం కన్నా ఆందోళనే ఎక్కువన్నారు. దక్షిణ కొరియాలో అలా అన్నవాళ్ళు 16 శాతమే. మా ఆఫీసులో రోజూ దాంతోనే పనిచేసేవాళ్ళు కూడా ఇంటికెళ్ళి పిల్లల భవిష్యత్తు తల్చుకుని దిగులు పడతారు.

నెమలిచెరువు | ఆదివారం పొద్దున 7:18

అక్కా, మీ అమ్మ ముచ్చట చదివి నా కథ యాదికొచ్చింది. నేను హెచ్‌సీయూల, అంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల చదువుతున్న.

2025 మార్చి 30, ఉగాది నాడు కంచ గచ్చిబౌలిల బుల్డోజర్లు దిగినయి. మా క్యాంపస్ పక్కన 400 ఎకరాలల్ల సర్కారు చెట్లు నరికిపిస్తుంటే లేచిన లొల్లి అందరికి ఎరుకే. రాత్రి గూడ లైట్లు పెట్టి నడిపిన్రు. హాస్టల్ మీదికెక్కి నేనొక వీడియో తీసిన, 40 సెకన్లు. చీకటి, దూరంగ లైట్లు, మిషన్ల చప్పుడు, నడుమ నడుమ నెమళ్ళ కేకలు. గంతే. చూసినోళ్ళు రెండొందల మంది ఉంటరు.

గదే టైంల ఎవరో ఏఐతోని బొమ్మలు చేసిన్రు. బుల్డోజర్ల ముందల జింకలు, నెమళ్ళు పానం అరచేతుల పట్టుకొని ఉరుకుతున్నట్టు. అవి దేశమంత తిరిగినయి. పెద్ద పెద్దోళ్ళు షేర్ చేసిన్రు. చేసినోళ్ళ మనసు మంచిదే కావచ్చు, నేను కాదంటలే. కానీ తర్వాత ఏమైంది? ఇదంత ఏఐ ప్రచారం అని సర్కారు అన్నది. కేసులు పెట్టిన్రు. ఘిబ్లీ తీరు, అంటే జపాన్ కార్టూన్ సినిమాల తీరు ఏఐ బొమ్మ షేర్ చేసిందని ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి సుత పోలీసు నోటీసు పోయింది. మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి "అంత ఉత్తదే అంటున్నరు గద బిడ్డా, నువ్వెందుకు పోతున్నవ్ ధర్నాకు" అన్నది. నా కండ్లతో చూసింది, నా ఫోన్ల తీసింది, మా అమ్మకే నమ్మియ్యలేకపోయిన.

దొంగ బొమ్మ ఒకటి దొరికితే చాలు, అసలు వీడియోలు వంద పక్కకు పడేస్తరు. నాకు ఏఐ అంటే ఉన్న భయం ఇదొక్కటే.

మరి ఆఖరికి నిజం ఎట్ల తేలింది? ఫోన్లల్ల తేలలే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు, హైకోర్టు రిజిస్ట్రార్‌ను అక్కడికి పోయి చూసి రమ్మన్నది. ఆయన పోయిండు, కండ్లార చూసిండు, పెద్ద మిషన్లతోని వంద ఎకరాల దాక సాఫ్ చేస్తున్నరని, అక్కడ నెమళ్ళు, జింకలు కనవడ్డయని రిపోర్టు ఇచ్చిండు. ఆ రోజే నరుకుడు ఆపమని కోర్టు చెప్పింది. ఒక మనిషి నడుచుకుంట పోయి చూసొచ్చి చెప్తే ఆగింది.

లెక్కల మాస్టారు | ఆదివారం ఉదయం 7:55

బాబూ, ఆ చివరి రెండు వాక్యాలు మా ఊరి గ్రంథాలయం బోర్డు మీద రాయిస్తాను.

చెవితో చదువుతా | ఆదివారం ఉదయం 8:40

తమ్ముడూ, ఆ జింకల బొమ్మ నాకూ వచ్చింది. నా యంత్రం ఉన్నదున్నట్టు చదివింది: జింకలు భయంతో పరుగెడుతున్నాయి, వెనక పసుపు రంగు యంత్రం, పడిపోయిన చెట్లు. బొమ్మలో ఏముందో చెప్పడమే దానికి తెలుసు. అడవిలో ఏముందో దానికేం తెలుసు? ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మర్నాడు అది ఏఐ బొమ్మ అన్నారు. నేను పడ్డ బాధ కూడా అబద్ధమైపోయినట్టు అనిపించింది.

నిన్న రాత్రి నేను ఆశ గురించే రాశాను, అది వెనక్కి తీసుకోను. కానీ మీకు కనీసం ఆరో వేలు కనిపిస్తుంది. నాకు కళ్ళిచ్చిన యంత్రమే నన్ను మోసపోనిస్తే ఎవర్ని అడగాలి? కృత్రిమంగా చేసిన బొమ్మ మీద ముద్ర వేస్తే చాలదు, ఆ ముద్ర నా స్క్రీన్ రీడర్ చదవగలిగే మాటలా ఉండాలి. మూలన చిన్న గుర్తు వేసి వదిలేస్తే మాలాంటి వాళ్ళకి అది లేనట్టే.

కోర్టు మెట్లు | ఆదివారం ఉదయం 10:15

విజయవాడలో ప్రాక్టీసు చేస్తాను. ముద్ర మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 2025 అక్టోబరులో కేంద్ర ఐటీ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది, ఏఐతో చేసిన దృశ్యంలో కనీసం 10 శాతం జాగాలో ముద్ర ఉండాలని. తుది నిబంధనల్లో ఆ 10 శాతం తీసేసి, స్పష్టంగా కనిపించాలి అన్నారు. అవి 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చాయి. కోర్టో ప్రభుత్వమో తొలగించమంటే సోషల్ మీడియా వేదికలు తీసేయడానికి ఇదివరకు 36 గంటలు ఉండేది, ఇప్పుడు 3 గంటలు.

బాధితుల తరఫున చూస్తే ఇది మేలే. 36 గంటల్లో ఒక ఆడపిల్ల బొమ్మ ఎన్ని ఫోన్లకి చేరుతుందో నేను కేసుల్లో చూశాను.

నెమలిచెరువు | ఆదివారం పొద్దున 10:32

సార్, ఒక మాట అడుగుత, ఏమనుకోకున్రి. 2025 ఏప్రిల్‌ల ఈ 3 గంటల రూల్ ఉండి ఉంటే, "ఏఐ ప్రచారం" అన్నోళ్ళు నా 40 సెకన్ల వీడియో సుత తీసేయమంటే? మూడు గంటల్ల నిజమా అబద్ధమా అని ఎవరు పోయి చూసొస్తరు?

కోర్టు మెట్లు | ఆదివారం ఉదయం 11:04

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు తమ్ముడూ. నీ భయం న్యాయమైనదే. వేదికలు కేసుల తలనొప్పి ఎందుకని ముందు తీసేసి తర్వాత ఆలోచిస్తాయి. తీసేసినదాన్ని మళ్ళీ పెట్టించుకోవాలంటే కోర్టుకి వెళ్ళాలి, ఆ స్తోమత అందరికీ ఉండదు. తొలగింపుకి గడువు పెట్టినట్టే, పొరపాటున తీసేస్తే తిరిగి పెట్టడానికీ గట్టి గడువు ఉండాలని నేను అనుకుంటాను.

ఈలోపు నీ పని: అసలు ఫైలుని ఫోనులోంచి చెరపకు. వాట్సాప్‌లో పంపింది కుదించిన నకలు, దానికి బలం తక్కువ.

హాస్టల్ గది 14 | ఆదివారం మధ్యాహ్నం 1:26

చదువుతూ ఉంటాను కానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది.

2026 జనవరి మొదట్లో ఎక్స్‌లో గ్రోక్ అనే ఏఐని అడిగి ఆడవాళ్ళ ఫోటోల్లో బట్టలు తీయించారు కదా. కేంద్రం జనవరి 2న ఎక్స్‌కి నోటీసిచ్చింది. అదంతా వార్త. మా హాస్టల్లో జరిగింది చెబుతాను. ఆ వారం మా అంతస్తులో పద్దెనిమిది మందిమి డీపీలు తీసేశాం. ఒకరి డీపీ ముగ్గు, ఒకరిది వినాయకుడు, నాది ఖాళీ. ఎవరూ మమ్మల్ని ఏమీ చేయలేదు. చేస్తారేమోనన్న భయంతోనే మా ముఖాలు మేమే దాచేసుకున్నాం. మా క్లాసు అబ్బాయిలెవరూ డీపీ మార్చలేదు.

నాగార్జున గారు 2025 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళి తన పేరు, రూపం వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఆ నెలలోనే చిరంజీవి గారు హైదరాబాద్ సివిల్ కోర్టులో తెచ్చుకున్నారు. మంచిదే. మాకు ఎవరు తెచ్చిపెడతారు?

కోర్టు మెట్లు | ఆదివారం మధ్యాహ్నం 1:58

అమ్మా, ముందుగా, రాసినందుకు ధన్యవాదాలు. అలాంటిది జరిగితే ముఖం దాచుకోవాల్సింది నువ్వు కాదు. సైబర్ క్రైమ్ పోర్టల్లో ఆడవాళ్ళ, పిల్లల ఫిర్యాదులకి వేరే విభాగం ఉంది, అక్కడ పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు మోసమైతే 1930కి వెంటనే ఫోన్ చేయాలి. అనుమతి లేకుండా మన అశ్లీల బొమ్మలు వ్యాపించకుండా ఆపడానికి స్టాప్ ఎన్‌సీఐఐ అని ఒక ఉచిత సేవ ఉంది. అందులో నీ ఫోటో ఎక్కడికీ పంపక్కర్లేదు, దాని వేలిముద్ర లాంటి సంకేతం మాత్రమే వెళ్తుంది. ఆ సంకేతంతో సరిపోలే బొమ్మ వస్తే అందులో చేరిన వేదికలు అడ్డుకుంటాయి. స్క్రీన్‌షాట్, లింకు, టైము ముందు భద్రం చేసుకోండి, ఆ తర్వాతే బ్లాక్ చేయండి. చాలామంది భయంతో ముందే చెరిపేస్తారు, తర్వాత మా దగ్గరికి సాక్ష్యం లేకుండా వస్తారు.

తెరవెనుక గొంతు | ఆదివారం సాయంత్రం 4:10

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. ముఖాల గురించి మాట్లాడుతున్నారు, గొంతు గురించి కూడా వినండి.

నేను హీరోయిన్లకి చెప్పేదాన్ని కాదు. పక్కింటావిడ, నర్సు, బస్సులో ప్రయాణికురాలు, గుంపులో గొంతులు. ఒక పూట కాల్‌షీట్‌లో నాలుగైదు గొంతులు మారుస్తాను. ఏఐ ముందు కొట్టేది మమ్మల్నే. హీరోయిన్ గొంతు తేడాగా ఉంటే జనం పట్టుకుంటారు, బస్సులో ఆవిడ గొంతు ఎవరు పట్టుకుంటారు?

నిరుడు ఒక సంస్థ, పేరు వద్దులెండి, రెండు వేల వాక్యాలు చదివితే మంచి డబ్బులిస్తామంది. కోపంగా, నవ్వుతూ, ఏడుస్తూ, వగరుస్తూ. కాగితంలో "శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో" అని ఉంది. నేను ఏడవగలిగే అన్ని రకాల ఏడుపులూ ఒక్కసారే కొనుక్కుంటారన్నమాట. ఇంటి అద్దె రెండు నెలలు బాకీ ఉన్నా సంతకం పెట్టలేదు. పెట్టినవాళ్ళని నేను తప్పుపట్టను.

బాలు గారు 2020లో వెళ్ళిపోయారు. 2023లో వచ్చిన కీడా కోలా సినిమాలో ఆయన గొంతుని ఏఐతో పలికించారు. అనుమతి అడగలేదని ఆయన కొడుకు చరణ్ గారు లీగల్ నోటీసు పంపారు. లాల్ సలామ్ సినిమా పాట కోసం రెహమాన్ గారు చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడినప్పుడు, వాళ్ళ కుటుంబాల అనుమతి తీసుకుని డబ్బులు కూడా ఇచ్చామని చెప్పారు. సాంకేతికత రెండు చోట్లా ఒకటే. తలుపు కొట్టి లోపలికి రావడానికీ, గోడ దూకి రావడానికీ ఉన్న తేడా అది.

అంత పెద్ద గాయకుడి ఇంటివాళ్ళే నోటీసు పంపాల్సి వస్తే, క్రెడిట్స్‌లో పేరు కూడా పడని నా గొంతు కోసం ఎవరు పంపుతారండీ?

హాస్టల్ గది 14 | ఆదివారం సాయంత్రం 4:31

అక్కా, మిమ్మల్ని ఎన్ని సినిమాల్లో విని ఉంటానో, తెలియకుండానే.

ఖమ్మం మిర్చి | ఆదివారం రాత్రి 8:02

పొద్దంతా తోటల ఉన్న, ఇప్పుడే చూసిన. మూడెకరాలు తేజ రకం మిర్చి వేస్త.

మా కాడ "సాగు బాగు" అని ఏఐ పథకం సర్కారు, వరల్డ్ ఎకనామిక్ ఫోరం కలిసి పెట్టిన్రు. మొదట 7 వేల మంది మిర్చి రైతులు. మట్టి పరీక్ష, వాట్సాప్‌ల తెలుగుల సలహాలు, కాయ నాణ్యత మిషన్ తోని చూసుడు. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందు 9 శాతం తగ్గిందని లెక్కలు చెప్పిన్రు. నా పక్క చేనాయన అందుల ఉన్నడు. దిగుబడి సంగతి ఆయనే చెప్పాలె గని, ఏ మందు ఎప్పుడు కొట్టాలెనో అడగనీకి దుకాణం కాడికి పోవుడు తగ్గిందన్నడు. అది చిన్న సంగతి కాదు. దుకాణమాయన ఒక మందు అడిగితే మూడు కడతడు.

2021ల నల్ల తామర పురుగు వచ్చి పూత మొత్తం రాలిపోయినప్పుడు మాకు సలహా చెప్పెటోడు లేడు. అప్పుడిది ఉంటే అని ఇప్పటికీ అనుకుంట.

భయం గూడ అదే ఫోన్ల ఉన్నది. ఈ నడుమ ఒక వీడియో వచ్చింది, కోటు వేసుకున్న శాస్త్రవేత్త తెలుగుల మాట్లాడి ఒక "బయో" మందు కొట్టమన్నడు. పెదవులు సక్కగనే కదిలినయి. మా ఊర్ల ఇద్దరు తెప్పించుకున్నరు, ఆకు మాడింది. అసలు సలహా, దొంగ సలహా రెండూ ఒకే పచ్చ రంగు వాట్సాప్‌లనే వస్తయి. రైతు ఎట్ల కనిపెట్టాలె? మండల వ్యవసాయ అధికారి వచ్చి చేను చూస్తే నమ్ముత. ఆయన కింద ఎన్ని ఊర్లున్నయో చూస్తే ఆయన మీద గూడ జాలే అయితది.

విశాఖ తీరం | ఆదివారం రాత్రి 8:45

అందరూ మోసాల గురించే మాట్లాడుతున్నారు. గూగుల్ అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని 2025 అక్టోబరు 14న ప్రకటించింది, మా విశాఖలో ఏఐ కోసం గిగావాట్ స్థాయి డేటా సెంటర్. కరెంటు, నీళ్ళు ఎక్కడి నుంచి, ఎన్ని స్థానిక ఉద్యోగాలు అన్నది కూడా మాట్లాడాలి కదా?

నిర్వాహకుడు | ఆదివారం రాత్రి 9:00

తప్పకుండా మాట్లాడాలి. అది పెద్ద విషయం, ఇక్కడ పక్కన పడిపోకూడదు. కొత్త చర్చ తెరవండి, పైన పిన్ చేస్తాను. హాస్టల్ గది 14 గారి పోస్టు కింద వచ్చిన రెండు వ్యాఖ్యలు తొలగించాను.

తెనాలి అమ్మాయి | ఆదివారం రాత్రి 10:20

ఇంత రాస్తారని అనుకోలేదు. ఇవాళ అమ్మకి వీడియో కాల్ చేసి మాస్టారి మాట చదివి వినిపించాను. "ఆ మాస్టారు ఏ ఊరు?" అని అడిగింది, మీరు చెప్పినట్టే నిలదీయడం మొదలుపెట్టింది. పల్నాడు అన్నాను. తర్వాత ఖమ్మం రైతు గారి పోస్టు చదివితే, "చూశావా, పెదవులు కదిలితే వాళ్ళూ నమ్మారు" అంది. తనొక్కతే మోసపోలేదని తెలిశాక గొంతులో ఏదో తేలికపడింది.

మా బంధువుకి ఫోన్ చేసి మాట్లాడాను. గ్రూపులో అమ్మకి క్షమాపణ పెట్టాడు. బాబు కాల్‌లో మళ్ళీ నడవలేదు. అమ్మ "పర్లేదులే, నేనొచ్చి చూస్తా" అంది. వీసా పనులు మొదలుపెట్టాం.

చెవితో చదువుతా | ఆదివారం రాత్రి 10:48

నెమలిచెరువు తమ్ముడూ, ఒక కోరిక. నువ్వు తీసిన ఆ 40 సెకన్లలో బొమ్మ నాకు అక్కర్లేదు, చప్పుడే కావాలి. కానీ అది ఆ రాత్రిది, వినలేనేమో. ఇప్పుడు అక్కడ నెమళ్ళు ఉన్నాయా? ఉంటే ఒకసారి వినిపిస్తావా?

నెమలిచెరువు | ఆదివారం రాత్రి 11:02

ఉన్నయి అన్నా. రేపు పొద్దుగాల్నే క్యాంపస్‌ల చెరువు దిక్కు పోయి రికార్డ్ చేస్త. మొదట నా గొంతుతోని తారీఖు, టైము చెప్త. ఏం కట్ చెయ్య, ఏం కలప.

చెవితో చదువుతా | సోమవారం ఉదయం 7:36

విన్నాను. ముందు నీ గొంతు, ఆయాసంగా ఉంది, నడుచుకుంటూ వెళ్ళావని తెలిసింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, ఎక్కడో లారీ హారను. తర్వాత మూడుసార్లు అరిచింది. రెండోసారి అరిచినప్పుడు దూరం నుంచి ఇంకోటి పలికింది.